గుర్తులన్నీ అడ్డంకులేనా?

కాలిబాటలోని లోపాలను పటంపై గుర్తించే పనిని సామాన్యులకు అప్పగించవచ్చునా? వాషింగ్టన్ నగరంలో ‘ప్రాజెక్ట్ సైడ్‌వాక్’ అట్లే చేసినది. వీధుల ఛాయాచిత్రాలను ఇంటర్నెట్‌లో చూస్తూ, దారికి అడ్డమైన స్తంభాలను, పగిలిన బాటలను, చక్రాల కుర్చీ దిగడానికి వాలు లేని అంచులను జనం గుర్తించినారు. 18 నెలలలో 797 మంది 2,941 మైళ్ల వీధులు పరిశీలించి 2,05,385 గుర్తులు పెట్టినట్లు 2019లో వెలువడిన పరిశోధన పత్రం తెలుపుతున్నది.

ఇది మెచ్చదగిన కృషి. కాని ఇవన్నీ అడ్డంకులు కావు. సరిగా ఉన్న వాలుకు కూడా గుర్తు పెడతారు. ఒకే స్తంభాన్ని పలువురు గుర్తించవచ్చును. పలువురి మాట కలిస్తే నమ్మకం పెరుగుతుంది, నిజమే. అయితే నిన్న తవ్విన గొయ్యి పాత ఛాయాచిత్రంలో కనిపించదు గదా! పటాన్ని నమ్మి చక్రాల కుర్చీలో బయలుదేరినవారు దారి మధ్యనే ఆగిపోవలసి వస్తుంది.

ఇట్టి పటాలలో మరొక చిక్కున్నది. గుర్తు లేని చోటు మంచిదా, ఎవరూ చూడనిదా? దుకాణాలు, స్టేషన్లు మొదలైన వాటిలోనికి చక్రాల కుర్చీ పోగలదో లేదో తెలిపే బెర్లిన్ వారి ‘వీల్‌మ్యాప్’ (2010) పరిశీలింపని చోట్లను బూడిదరంగులో వేరుగా చూపుతుంది. బడి దారికి పటం గీసే విద్యార్థులు సైతం ఇట్లే చేయాలి. ప్రతి గుర్తు ప్రక్కన చూచిన తేదీ వ్రాయాలి. తెలియనిదానిని తెలియనిదిగా చూపడమే పటానికి నిజాయితీ.