ఒకటి, మూడు, నాలుగు, రెండు

అంబాసిడరూ, నీకు దండం. బోనెట్ ఎత్తితే నీ దగ్గర దాపరికం లేదు. కార్బురేటరు ఒకవైపు, డిస్ట్రిబ్యూటరు ఇంకోవైపు, చుట్టూ చెయ్యి పట్టేంత చోటు. మా పామిడిముక్కల పెరట్లో నాలుగు పానాలతో, ఒక స్క్రూడ్రైవరుతో నయమయ్యే జబ్బులే నీవి.

1950ల చివర్లో బెంగాల్‌లోని ఉత్తరపారాలో, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ పోలికతో పుట్టావు. 2014లో అక్కడ నీ తయారీ ఆగింది. నువ్వు మాత్రం ఆగలేదు.

నీ 1489 సీసీ పెట్రోలింజనులో సిలిండర్లు వరసగా మండవు. ఒకటి, మూడు, నాలుగు, రెండు. పక్క మొవ్వ మండలంలోనే కూచిపూడి. తాళం ఎరిగిన గడ్డమీద నీ నడక తప్పితే చెవి ఊరుకుంటుందా? ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే తీసి వింటాం. ఏది తీసినప్పుడు మోత మారలేదో, దొంగ ఆ సిలిండరులోనే ఉన్నాడు.

టాపెట్ల లెక్క మరీ ముద్దు. ఒకటో వాల్వు సందు సరిచేయాలంటే ఎనిమిదోది పూర్తిగా తెరుచుకుని ఉండాలి. మూడుకు ఆరు, నాలుగుకు అయిదు. ఎటు కూడినా తొమ్మిదే. ఈ లెక్క కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, ఎక్కాల పుస్తకంలో చేర్చాల్సింది.

వానాకాలంలోనే నీతో పేచీ. కాలవగట్టు తేమకి డిస్ట్రిబ్యూటరు మూత లోపల చెమ్మ పట్టి, నిప్పురవ్వ దారి తప్పుతుంది. పొడిగుడ్డతో తుడిస్తే ఆ అలక తీరుతుంది. రేగడి బురద అలా కాదు. మడ్‌గార్డుల మడతల్లో చేరి, పైకి ఎండి, లోపల తడి దాచుకుని రేకుని తినేస్తుంది. తలుపుల అడుగున నీళ్లుపోయే బెజ్జాలు పూడితే అంతే సంగతులు, పుల్లపెట్టి పొడవాలి. పైన పాలిష్ చూసి మురిసేవాళ్లని నేను నమ్మను. పాత కారు కొనేవాడు ముందు నేలమీద వెల్లకిలా పడుకోవాలి.

వెనక కమాన్ కట్టలకి నూనె. ముందు చక్రాల కీళ్లకి గ్రీజు: పాతది నల్లగా ఉబికి వచ్చి, వెనకే కొత్తది కనబడేదాకా గన్ను నొక్కడమే. ఆపైన బందరు రోడ్డెక్కి ఉయ్యూరు దాకా పోయొచ్చి, ప్లగ్గు విప్పి చూడాలి. లేత గోధుమరంగుంటే కులాసా. మసి పట్టిందా, పెట్రోలు ఎక్కువ తాగుతున్నావన్నమాట.

బ్యాటరీ దిగిందా? పోనీ, హ్యాండిలుంది. అబ్బాయ్, ఇలా రా. గేరు న్యూట్రల్లోనే ఉందిగా? బొటనవేలు చుట్టూ తిప్పకు, మిగతా వేళ్ల పక్కనే ఉంచు. కిందినుంచి పైకి లాగాలి, పైనుంచి నొక్కకూడదు. వెనక్కి తన్నిందంటే మణికట్టు విరుగుతుంది. చోక్ లాగావా? ఊఁ, కానీ!