ధర అడిగే ముందు

లాడ్ బజార్‌కు గాజుల కోసం తోడు రమ్మని స్నేహితురాళ్లు పిలిస్తే నేను పెట్టే షరతు ఒక్కటే: కొనాలని తేల్చుకునేదాకా ధర అడగకూడదు.

చార్మినార్ పక్కన ఆ బజారులో బేరం మొదలైతే మధ్యలో ఆగదు. మనం సగానికి అడుగుతాం, దుకాణదారు కుదరదంటాడు, రెండడుగులు వేసేసరికి వెనకనుంచి "ఆవో బాజీ" అని పిలుపు. అడిగిన ధరకే ఇస్తుంటే కాదని ఎలా పోతాం? అప్పటికి గాజులు నచ్చాయా లేదా అన్న సంగతి వెనకబడిపోతుంది. బేరం గెలిచిన సంబరంలో కొంటాం. బీరువాల్లో మూలుగుతున్న గాజుల డబ్బాలు చాలావరకు ఇలా వచ్చినవేనని నా నమ్మకం.

అందుకే ముందు ఉత్త చేతులతో ఒక చుట్టు తిరుగుతాం. దుకాణం దీపాల కింద ఏ రాయైనా మెరుస్తుంది, గాజును గుమ్మందాకా తెచ్చి పగటి వెలుగులో చూడమంటాను. తర్వాత మక్కా మసీదు వైపు నడిచి ఇరానీ చాయ్. అడగాల్సింది అక్కడ అడుగుతాను: "ఏ చీర మీదికే? అసొంటివి ఇంట్ల లేవా?" వద్దు అని మాత్రం ఎన్నడూ అనను. వద్దంటే పంతం పెరుగుతుంది. చాయ్ తాగాక కూడా ఆ గాజులే కళ్లలో మెదిలితే వెనక్కి వెళ్తాం. చాలాసార్లు వాటి రంగు కూడా గుర్తుండదు.

దగ్గర్లోని పత్తర్‌గట్టీలో నగలైతే చాయ్ చాలదు, ఒక రాత్రి నిద్రపోయి రావాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమ్మే హాల్‌మార్క్ బంగారు నగ మీద అక్షరాలు, అంకెలు కలిపి ఆరుండే గుర్తింపు సంఖ్య, హెచ్‌యూఐడీ, ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో అది కొట్టి చూసుకోండి. తరుగు, మజూరీ బిల్లులో విడిగా రాయించుకోండి. ముత్యాల విషయంలో ఒకటి తెలుసుకోవాలి: ఇక్కడ అమ్మేవాటిలో చాలావరకు చైనాలో మంచినీటిలో సాగు చేసినవే. తొలిచి, ఏరి, గుచ్చే నేర్పు మన ఊరిది. ఆ సంగతి తెలిసి కొంటే మోసపోయామన్న బాధ ఉండదు.

ఆలోచించి కొనడమంటే పిసినారితనమని కొందరు నొచ్చుకుంటారు. నేను ఒప్పుకోను. లక్క గాజు కోసం నిప్పుల మీద లక్కను మెత్తబరిచి, వలయానికి పట్టించి, రాళ్లను ఒక్కొక్కటిగా చేత్తో అద్దుతారు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తొందరలో కొనే నాలుగు జతల డబ్బుతో అలాంటిది ఒక్క మంచి జత వస్తుంది. అది నిజంగా నచ్చిందా, ఇక ఆ చేతిపని దగ్గర గీచి గీచి బేరమాడకండి. న్యాయమైన ధర ఇచ్చి తెచ్చుకోండి, పండుగ దాకా దాచకుండా తొడుక్కోండి.