పోస్టరు మాట, ఏజెంటు మాట

2023 జనవరి 9న ఇండోర్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్ సభలో ప్రధానమంత్రి ఒక తపాలా బిళ్ల విడుదల చేశారు. దాని మీది నినాదం ‘సురక్షిత్ జాయే, ప్రశిక్షిత్ జాయే’. విదేశాలకు పనికి పోయేవాళ్లు క్షేమంగా, శిక్షణ తీసుకుని పోవాలన్నది సారాంశం. విదేశాంగ శాఖ కొన్నేళ్లుగా నడుపుతున్న ప్రచారమిది. దుబాయ్‌కు ఉత్తరాలు రాసుకునే రోజులు పోయి, అత్తాకోడళ్లు అక్కడున్నవాడితో ఐఎంఓ యాప్‌లో వీడియో కాల్ మాట్లాడే కాలంలో ఆ మాటను తపాలా బిళ్ల మీద ఎవరు చదవాలని అచ్చువేశారో తెలియదు కానీ, నినాదంగా దానికి వంక పెట్టలేం.

దాని పక్కన ఇంకో మాట పెట్టి చూద్దాం. ‘తమ్మీ, లచ్చా ఎనభై పెట్టు. పదిహేను దినాలల్ల ఎక్కిస్త. విజిట్ మీద పో, ఆడ రెణ్నెళ్లల్ల కంపెనీ వీసా కొట్టిస్త. మీ పెద్దవ్వ కొడుకును తోలింది ఎవలనుకున్నవ్?’ ఇది ఏ ఒక్కరి మాటా కాదు. కోరుట్ల, మెట్‌పల్లి, వేములవాడ, ఖానాపూర్ ఏ వైపు విన్నా ఏజెంటు మాట అటూ ఇటూగా ఇలాగే ఉంటుంది.

రెంటినీ రెండు రచనలుగా చదివితే, రెండోది రాసినవాడికే చెయ్యి తిరిగినట్టు తెలుస్తుంది. అందులో పైసలెన్నో ఉంది, గడువు ఉంది, దారి ఉంది, సాక్ష్యానికి పెద్దవ్వ కొడుకున్నాడు. వినేవాడికి ‘తమ్మీ’ అన్న పిలుపూ ఉంది. పోస్టరులో విమానం బొమ్మ ఉంటుంది, పాస్‌పోర్టు బొమ్మ ఉంటుంది, ‘నకిలీ ఏజెంట్లను నమ్మి మోసపోకండి’ అని ఉంటుంది. ఎవరు నకిలీ, ఎలా తెలుసుకోవాలి, సరైన దారిలో పోతే ఎంతవుతుంది, ఎన్నాళ్లు పడుతుంది అన్న మాటలుండవు. బుధవారంలోగా అడ్వాన్సు కట్టాలన్న తొందరలో ఉన్నవాడు ఆ పోస్టరు ముందు నిలబడినా, వాడి బుధవారం గురించి అది ఏమీ చెప్పదు.

ఇంకో సంగతి ఉంది. ఏజెంటు మాటలో చాలా భాగం నిజం. పెద్దవ్వ కొడుకు నిజంగానే పోయాడు. పదిహేను రోజుల్లో విమానం ఎక్కించడమూ అబద్ధం కాదు. అబద్ధం ఒక్కచోటే ఉంది, ‘కంపెనీ వీసా కొట్టిస్త’ దగ్గర. పోస్టరు మాత్రం మొత్తాన్ని కట్టగట్టి మోసం అంటుంది. వినేవాడు పెద్దవ్వ కొడుక్కు ఫోన్ చేసి కనుక్కుంటాడు, అతను అవునంటాడు. ఆ క్షణాన అబద్ధమాడింది పోస్టరే అని తేలిపోతుంది. మన చైతన్య ప్రచారాలు ఎదుటివాడి తెలివిని తక్కువ అంచనా వేసి ఓడిపోయేది ఇక్కడే.

నిజానికి ఆ ఒక్క అబద్ధాన్నే పట్టుకుని చెప్పవలసింది చాలా ఉంది. పదో తరగతి పాస్ కానివాడి పాస్‌పోర్టు ‘ఈసీఆర్’. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకు అతను పనికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే అధికారి అనుమతి ఉండాలి. ఆ అనుమతితోపాటే ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే ఇంటికి 10 లక్షలు. విజిట్ వీసా మీద పోయేవాడు కాగితాల లెక్కన పర్యాటకుడు. అతనికి అనుమతి అక్కర్లేదు, కనుక బీమా కూడా లేదు. పరంజా మీంచి జారిపడితే కంపెనీ అతన్ని మా మనిషే కాదంటుంది. లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోదగ్గ రుసుము 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతా కలిపి 35,400 రూపాయలు. లక్షా ఎనభైకీ దీనికీ మధ్య ఉన్న తేడా ఎటు పోతుందో అడగమని ఒక్క పోస్టరైనా చెప్పిందా?

మరి తెలిసి తెలిసి ఆ దారినే ఎందుకు పోతారు? ఈ ప్రశ్నకు ‘అమాయకత్వం’ అని జవాబు రాసేవాళ్లు కరీంనగర్ చరిత్ర చదవనివాళ్లే. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అన్న మాట తెలంగాణ ఉద్యమకాలంలో ఊరికే పుట్టలేదు. గల్ఫ్‌లో చమురు డబ్బు పొంగేనాటికే ఇక్కడి పద్మశాలీలు భివండి, సూరత్ మగ్గాల మీద ఉన్నారు. ఇల్లు విడిచి పోవడం వాళ్లకు కొత్త కాదు. 1978 సెప్టెంబరులో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగింది, ఆ అక్టోబరులోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఊళ్లో ఉంటే అటు పోలీసులు, ఇటు అన్నలు (నక్సలైట్లు). ఎదిగిన కొడుకు కళ్లముందుంటే భయం, దుబాయ్‌లో ఉంటే ధైర్యం అనుకున్న తల్లిదండ్రులు ఎందరో. ఆ తర్వాత బోర్లు ఎండాయి, మరమగ్గాలు ఆగాయి, ఆడవాళ్ల బీడీల కూలి ఇంటి ఖర్చుకే చాలలేదు. కారణాలు మారుతూ వచ్చాయి కానీ దారి మారలేదు. ఒక్కో ఇంట్లో మూడో తరం ఇప్పుడు అదే దారిన పోతోంది.

అక్కడికి పోయాక ‘అక్రమం’ కావడం ఇంకో కథ. కంపెనీ వీసా మీద సక్రమంగా దిగినవాడే ఆర్నెల్లకు ఖల్లివెల్లి (కంపెనీ విడిచి కాగితాలు లేకుండా ఉండేవాడు) అవుతాడు. పాస్‌పోర్టు కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దగ్గర ఉంటుంది, జీతం నాలుగు నెలలుగా రాదు, ఇంటి దగ్గర మిత్తి ఆగదు. నూటికి రెండు రూపాయల మిత్తి అంటే లక్షా ఎనభై వేలకు నెలకు 3,600. జీతం 800 దిర్హాములంటే 18 వేలకు పైనే, తిండికి, ఫోనుకు పోగా మిగిలేదాంట్లో మిత్తే పెద్ద వాటా. బయట దొంగచాటుగా రోజుకూలీ చేస్తే చేతికి నగదు వస్తుంది. కంపెనీలో ఉండి అప్పు పెంచుకోవడమా, బయటపడి అప్పు తీర్చడమా అని ఆలోచించి బయటపడతాడు. ఇందులో ఎక్కడా తెలివితక్కువతనం లేదు. పైగా ఆమ్నెస్టీలు ఉన్నాయి. యూఏఈ 2007లో, 2018లో, మళ్లీ 2024లో క్షమాభిక్ష ప్రకటించింది. ఔట్‌పాస్ (తాత్కాలిక ప్రయాణ పత్రం) మీద తిరిగొచ్చినవాళ్లు ప్రతి మండలంలో ఉన్నారు. ‘చట్టవిరుద్ధంగా ఉంటే జైలే’ అని రాసిన పోస్టరు కింద, జైలు చూడకుండానే ఇల్లు చేరినవాడు కూర్చుని చాయ్ తాగుతుంటాడు. ‘సక్రమంగా వెళ్లండి’ అన్న సందేశం విమానం ఎక్కేదాకే పనికొస్తుంది. దిగాక సక్రమంగా ఎలా ఉండాలో, జీతం ఆగితే ఎక్కడికి పోవాలో అది చెప్పదు.

ఈ చర్చలో ప్రభుత్వ మాటను మాత్రమే తప్పుపడితే సరిపోదు, దాని పక్కన ప్రభుత్వ పనిని కూడా పెట్టి చూడాలి. క్షేమంగా వెళ్లమన్న అదే యంత్రాంగం 2020 సెప్టెంబరులో గల్ఫ్‌కు వెళ్లే కార్మికుల కనీస రెఫరల్ వేతనాలను (యజమాని ఇవ్వాల్సిన కనీస జీతాల హద్దును) 30 నుంచి 50 శాతం తగ్గించింది. తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం పడ్డాక, 2021 జులైలో ఆ ఉత్తర్వులు వెనక్కి పోయాయి. సక్రమ దారిలో జీతం కోసి, ఆ దారినే పొమ్మంటే నినాదానికి బలమెక్కడిది? రాష్ట్రం వైపు చూస్తే, 2024 సెప్టెంబరులో గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షల పరిహారం ఉత్తర్వు వచ్చింది. మంచిదే. అయితే చావు మీద వచ్చే డబ్బు గురించి ఊరికి తెలిసినంతగా, 275 రూపాయల బీమా గురించి తెలియకపోవడం మన ప్రచారం ఎటు వంగి ఉందో చెబుతుంది.

భయపెట్టే ప్రచారానికి వద్దాం. కళాజాత బృందాలు గజ్జెకట్టి, డప్పు కొట్టి, చివర్లో శవపేటిక వచ్చే ఘట్టం ఆడతాయి. ఊరంతా ఏడుస్తుంది. ఏడ్చి ఇంటికి పోయి పాస్‌పోర్టు దరఖాస్తు నింపుతుంది. ఏడుపులో అబద్ధం లేదు, కానీ ఎవరూ తన ఇంటికి పేటిక వస్తుందని అనుకుని పోరు. ఈ విషయంలో నాకు సినిమాల పోలిక ఒకటి తోస్తుంది. 2024లో తెలుగులోకి వచ్చిన ‘ఆడుజీవితం’ చూసినవాళ్లందరికీ ఎడారి గుర్తుంది, గొర్రెలు గుర్తున్నాయి, ఎముకలు తేలిన నాయకుడు గుర్తున్నాడు. అసలు కీలకం మాత్రం అతను విమానాశ్రయంలో నిలబడ్డ ఆ కాసేపే. వచ్చినవాడు తన కఫీలా కాదా అని తేల్చుకునే దారి అతని దగ్గర లేదు, భాషా లేదు. ఎక్కమన్న బండి ఎక్కాడు. ప్రచారానికి పనికొచ్చేది ఆ దృశ్యం. మనకు మిగిలింది గొర్రెలు.

దాని పక్కన 2007 నాటి ‘దుబాయ్ శీను’ పెడితే నవ్వుతారేమో. దుబాయ్ పోదామని బొంబాయి చేరిన స్నేహితుల్ని ఏజెంటు ముంచితే, వాళ్లు అక్కడే పావ్‌భాజీ బండి పెట్టుకుంటారు. అది నవ్వించడానికి తీసిన సినిమా, చైతన్యం దాని ఉద్దేశమే కాదు. అయినా ఒక పని అది చేసింది. మోసపోయినవాడు సిగ్గుపడి మూల కూర్చోనక్కర్లేదని, నలుగురిలో చెప్పుకుని నవ్వొచ్చని చూపింది. మన ఊళ్లలో మోసపోయినవాడు నోరు విప్పడు. గెలిచినవాడి స్లాబు ఇల్లు రోడ్డుకు కనబడుతూనే ఉంటుంది. ఊరు చదివే అసలు పోస్టరు అదే.

ఆ నోరు విప్పించే ప్రయత్నం ఒకటి వేరేచోట జరిగింది. సెనెగల్ రాజధాని డాకర్‌లో అంతర్జాతీయ వలస సంస్థ తిరిగొచ్చినవాళ్ల మాటలనే వీడియోలుగా చూపించి, తర్వాత వాళ్లతోనే మాట్లాడించింది. చూడనివాళ్లతో పోలిస్తే చూసినవాళ్లలో అక్రమ దారిన పోతామన్నవారు 20 శాతం తక్కువని 2019 నాటి అధ్యయనం తేల్చింది. పోతామనడం వేరు, పోవడం వేరు. ఆ తేడా అలాగే ఉంది. ఇక్కడ దాన్ని ఉన్నదున్నట్టు దించుకోలేం కూడా. మన దగ్గర తిరిగొచ్చినవాళ్లలో కొందరు సబ్ ఏజెంట్లయ్యారు మరి.

కరీంనగర్‌కు రాసిన సందేశాన్ని ఆదిలాబాద్‌లో అతికిస్తే ఇంకో తిప్పలు. పాత ఆదిలాబాద్‌లో గల్ఫ్ వలస అంతటా ఒకేలా లేదు. నిర్మల్, ఖానాపూర్, కడెం, జన్నారం, లక్సెట్టిపేట గోదావరి ఒడ్డు వెంబడి చిక్కగా ఉంది. ఉట్నూరు, తిర్యాణి ఏజెన్సీలో పలుచన. జగిత్యాల పల్లెలో కుర్రవాడికి అకామా (నివాస అనుమతి) అంటే ఏమిటో చెప్పక్కర్లేదు, వాళ్ల నాన్నకే ఉండేది. అక్కడ సందేశం వీసాలో లొసుగు దగ్గర మొదలవ్వాలి. ఇంట్లో గల్ఫ్ ముఖం ఎరగని ఆదివాసీ కుర్రవాడికి విమానాశ్రయం నుంచీ చెప్పాలి, అదీ గోండిలో చెప్పాలి. ఆదిలాబాద్ ఆకాశవాణికి గోండి కార్యక్రమం ఉంది. కరపత్రాల మీద పెట్టే ఖర్చులో కొంత అక్కడ పెడితే చాలు.

ఇప్పుడు గల్ఫ్ ఒక్కటే కాదు. 2024లో సిరిసిల్ల యువకుడొకరు కంబోడియాలో సైబర్ మోసాల శిబిరంలో చిక్కి పోలీసుల చొరవతో బయటపడ్డాడు. 2025 మార్చిలో మయన్మార్ శిబిరాల నుంచి బయటపడ్డ 549 మంది భారతీయులను వాయుసేన విమానాల్లో తెచ్చారు. వీళ్లు డిగ్రీలు చదివినవాళ్లు, డేటా ఎంట్రీ ఉద్యోగమని పోయినవాళ్లు. ఎడారి బొమ్మ వేసిన పోస్టరు తమ గురించి కాదనుకుంటారు. పదో తరగతి పాసైనందుకు ఎమిగ్రేషన్ అనుమతి అవసరం లేని వర్గంలోనూ పడతారు. చదువు వల్ల రక్షణ తగ్గడం మన చట్టంలోని వింత. గల్ఫ్ పోయేవాడికీ వీళ్లకూ పనికొచ్చే ప్రశ్న మాత్రం ఒకటుంది: పని ఇస్తానంటున్నవాడు పర్యాటకుడి వీసా ఎందుకిస్తున్నాడు?

సందేశం ఈ తీరులో ఉండాలని నా అభిప్రాయం. ఏజెంటు మాటలోని ఒక్కో ముక్కకూ జవాబు చెప్పాలి, వాడి భాషలోనే చెప్పాలి. ‘లచ్చా ఎనభై అంటున్నడా? లైసెన్సు ఉన్నోడు 35,400 కంటె ఎక్కువ తీసుకోవద్దు, రశీదు అడుగు. లైసెన్సు నంబరు సర్కారు వెబ్‌సైటు ఈమైగ్రేట్‌ల ఉన్నదా చూడు, మీసేవల చూపిస్తరు. వీసా మీద ఏం పని రాసున్నది? కఫీల్ పేరు, ఫోన్ నంబరు నీ దగ్గర ఉన్నదా? కాగితాలన్ని ఫొటో తీసి అవ్వకు పంపినవా?’ ఇందులో పోవద్దన్న మాట లేదు. పోవద్దనే హక్కు ఊళ్లో పని చూపించినవాడికే ఉంటుంది.

చెప్పే చోటు, వేళ కూడా మారాలి. 2018లో మొదలైన ఒక్కరోజు ప్రయాణ పూర్వ శిక్షణ మంచిదే కానీ, అది దొరికేసరికి ఏజెంటుకు డబ్బు ముట్టేసి ఉంటుంది. నిర్ణయం అంతకుముందే, అప్పు పుట్టిన చోట జరిగిపోతుంది. పుస్తెలతాడు కుదువపెట్టే సేటు కొట్టు, మహిళా సంఘం నెలవారీ మీటింగు, అప్పు తీర్మానం రాసే పుస్తకం అసలు చోట్లు. బీడీలు చుట్టి మిత్తి కట్టేది ఇంటావిడే కనుక, వీసా నకలు అడగవలసిందీ ఆవిడే. సంఘం అప్పు దరఖాస్తుకు పై ప్రశ్నలు రాసిన కాగితం ఒకటి జతచేయమని గ్రామ సమాఖ్యలను కోరుతున్నాను. దాని కింద విదేశాంగ శాఖ ఉచిత ఫోన్ నంబరు పెద్ద అక్షరాల్లో వేయండి: 1800 11 3090.