కిట్ గిటార్‌కు శ్రుతి పట్టించడం

బళ్ళారి జిల్లాలో కెంచనగుడ్డ, సిరుగుప్ప చుట్టుపక్కల తుంగభద్ర నీటి కింద వరి పండించే ఊళ్లలో పంపుసెట్టు మోటారు కాలితే ఎవరూ కంగారు పడరు. విప్పి, వైండింగ్ షాపులో రాగి తీగ చుట్టించి, మళ్లీ బిగించుకుంటారు. ఆ అలవాటున్న చేతులకు ఎలక్ట్రిక్ గిటార్ కిట్ సరిగ్గా సరిపోయే పని.

బాడీ, నెక్, బిరడాలు, బ్రిడ్జి, పికప్‌లు, వైర్లు, స్క్రూలు అన్నీ ఒకే పెట్టెలో వస్తాయి. ఇలా విడి భాగాలుగా అమ్మే వీలు లియో ఫెండర్ వల్ల వచ్చింది. ఆయన అమెరికాలో రేడియోలు బాగుచేసే మనిషి, గిటార్ వాయించడం రాదు. 1950లో తన గిటార్‌కు నెక్‌ను జిగురుతో అతికించకుండా నాలుగు స్క్రూలతో బిగించాడు. పాడైతే విప్పి ఇంకొకటి వేసుకోవచ్చు.

అంగట్లో దొరికే అన్నిటికన్నా చౌక గిటార్ కంటే కిట్ చౌకగా పడకపోవచ్చు. అయినా నేను కిట్ వైపే ఉంటాను. చౌక గిటార్‌లో లోపం చాలాసార్లు చెక్కది కాదు, చివరి సవరింపుది. మెట్లు సమంగా ఉన్నాయా, తీగలు ఎంత ఎత్తున ఉన్నాయి, శ్రుతి నిలుస్తుందా అని చూడటానికి ఓపిక, సమయం కావాలి. ధర తగ్గించాలంటే ఫ్యాక్టరీ మొదట కోసేది ఆ సమయాన్నే. ఇంట్లో బిగించుకునేవాళ్లకు అదొక్కటీ కావలసినంత ఉంటుంది.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసచెక్కతో వీణలు చేస్తారు. వీణకు 24 మెట్లను మైనంలో చెవితో వింటూ ఒక్కొక్కటే నిలబెడతారు. దాన్నే మేళం కట్టడం అంటారు. తేడా వస్తే మైనం కరిగించి మెట్టు జరపవచ్చు. గిటార్ మెట్లు చెక్కలోకి దిగగొట్టినవి, జరగవు. అందుకే సవరణంతా బ్రిడ్జి మీద పడుతుంది. తీగ నిడివి 648 మిల్లీమీటర్లయితే మేరువు (నట్) నుంచి 12వ మెట్టు 324 దగ్గర ఉండాలి, అక్కడి నుంచి బ్రిడ్జి ఇంకో 324, ఆపైన రవ్వంత. తీగను నొక్కితే సాగి స్వరం హెచ్చుతుంది కనుక ఆ రవ్వంత వదలాలి. బ్రిడ్జికి రంధ్రాలు వేయకముందే ఈ కొలత చూసుకోవాలి.

రంగు, పాలిష్ పనులు వడ్రంగం తెలిసినవాళ్లెవరైనా చెప్పగలరు. బాడీని చెక్క పీచు వెంటే రుద్దాలి, అడ్డంగా గీస్తే పాలిష్ కింద ప్రతి గీతా కనబడుతుంది.

పికప్‌లో అయస్కాంతాల చుట్టూ వెంట్రుక మందమున్న రాగి తీగ వేల చుట్లు ఉంటుంది. దాని మీద ఉక్కు తీగ కంపిస్తే చుట్టలో కరెంటు పుడుతుంది. ఫారడే 1831లో కనుక్కున్నది ఇదే. వైండింగ్ పని తెలిసినవాళ్లకు ఒక్క మాటలో అర్థమవుతుంది. బ్రిడ్జికి ఎర్తు వైరు సోల్డర్ చేయడం మరిస్తే మాత్రం ఆంప్లిఫయర్ గుయ్యిమంటుంది.

తీగలు ఎక్కాక 12వ మెట్టు మీద వేలు తాకించి ఒకసారి, నొక్కి ఒకసారి పలికించి వినండి. నొక్కిన స్వరం హెచ్చితే బ్రిడ్జి మీద ఆ తీగ ఆనే గుర్రాన్ని (శాడిల్) వెనక్కి జరపాలి, తగ్గితే ముందుకు. ఆరు తీగలకూ ఇదే పని.

వాద్యాన్ని తన సంగీతానికి తగ్గట్టు మార్చుకోవడం మనకు కొత్త కాదు. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ జంట తీగలు వదిలి, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద గమకాలు పలికించారు. కిట్ గిటార్ మీద కర్ణాటక సంగీతం వాయించాలనుకునేవాళ్లు సన్న తీగలు వేసుకోవచ్చు, ఎత్తయిన మెట్లున్న నెక్ ఎంచుకోవచ్చు. తీగను పక్కకు లాగి స్వరం పెంచడం తేలికవుతుంది.

బళ్ళారి ఎండ సంగతి కిట్‌తో వచ్చే కాగితంలో ఉండదు. వేసవిలో చెక్క ఎండి ముడుచుకుంటుంది, మెట్ల అంచులు బయటికి పొడుచుకొచ్చి వేళ్లకు గీసుకుంటాయి. వాటిని చిన్న ఆకురాయితో నున్నగా చేయాలి. వానలు పడి గాలిలో చెమ్మ పెరిగితే నెక్ వంపు మారుతుంది. లాగి కట్టిన ఆరు తీగల బలం 40 కిలోలకు పైనే. దానికి ఎదురు నిలిచే ఉక్కు కడ్డీ, ట్రస్ రాడ్, నెక్ లోపల ఉంటుంది. దాన్ని ఒకసారికి పావు చుట్టు మించి తిప్పకూడదు. ఒక రాత్రి వదిలేసి, చెక్క సర్దుకున్నాక మళ్లీ చూసుకోవాలి.