చచ్చీ చావని ఎస్‌ఎంపీఎస్

కంప్యూటర్‌కు కరెంటు పంచే ఎస్‌ఎంపీఎస్ పూర్తిగా చచ్చిందంటే పేచీ లేదు. స్విచ్ నొక్కితే ఫ్యాన్ తిరగదు, మౌస్ కింద లైటు వెలగదు. మార్చేస్తే పని అయిపోతుంది. మనిషిని తిప్పలు పెట్టేది చచ్చీ చావనిది. దాని జబ్బు దాని పేరుతో బయటపడదు. ఒకరోజు ర్యామ్ పోయినట్టుంటుంది, ఇంకోరోజు హార్డ్‌డిస్కు చెడినట్టుంటుంది, మరోరోజు వైరస్ దూరిందనిపిస్తుంది. బాగున్న మదర్‌బోర్డును పక్కన పడేసి, విండోస్ మళ్లీ మళ్లీ వేయించుకుని డబ్బు తగలేసుకున్నవాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

బంగారుపాళ్యంలో ఇది తోతాపురి మామిడి దిగే రోజుల్లో బాగా తెలిసొస్తుంది. జూన్, జులైలో కాయల ట్రాక్టర్లు కాటా దగ్గర బారులు తీరి ఉంటాయి. బరువు చూసి బిల్లు కొట్టే కంప్యూటర్ మధ్యలో ఆగిందంటే ఎండలో నిలబడ్డ రైతు కాయ వడలిపోతుంది. అలాంటి ఒక కాటా నుంచి పిల్లోడొకడు నా రిపేరు షాపుకు పరుగున వచ్చాడు.

"అన్నా, దానంతటదే ఆరిపోతా ఉంది, మళ్లా దానంతటదే వస్తా ఉంది. యూపీఎస్‌కు కొత్త బ్యాటరీ కూడా వేసినాం."

"ఎప్పుడు ఆరిపోతా ఉందో చూసినావా నాయనా?"

"లైటు మినుక్కుమన్నప్పుడన్నా. పక్కన మోటరు వేస్తే చాలు."

సగం రోగం ఆ జవాబులోనే దొరికింది. మన కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలు. అంటే ఒక్కోటి 20 మిల్లీసెకన్లు. బాగున్న ఎస్‌ఎంపీఎస్ లోపలి పెద్ద కెపాసిటర్‌లో దాచుకున్న కరెంటుతో, గోడ నుంచి సరఫరా తెగినా 16 మిల్లీసెకన్ల దాకా నెట్టుకురావాలని చాలాకాలం నడిచిన లెక్క. మామూలు యూపీఎస్ బ్యాటరీ మీదికి మారడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి ఆ నిల్వ సరిపోయేది. కెపాసిటర్ ఎండిపోయేకొద్దీ నిల్వ తగ్గుతుంది. నిన్నటిదాకా తట్టుకున్న రెప్పపాటును ఇవాళ తట్టుకోలేదు. బూడిదరంగు వైరు మీద 'కరెంటు బాగుంది' అని మదర్‌బోర్డుకు చెప్పే 5 వోల్టులు పడిపోతాయి, బోర్డు రీసెట్ అయిపోతుంది. జనం మాత్రం యూపీఎస్‌ను తిడతారు, బ్యాటరీ మారుస్తారు.

మా పనిలో అందరికీ తెలిసిన పరీక్ష ఒకటుంది. 24 పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరును నల్లవైరుతో కలిపితే ఫ్యాన్ తిరుగుతుంది. తిరగగానే "ఎస్‌ఎంపీఎస్ బాగుంది" అనేస్తారు. ఈ ఒక్క మాట మీద నేను ఎంతమందితోనైనా వాదిస్తాను. అది బతికుందని మాత్రమే తెలిసింది, బరువు మోయగలదని తెలియలేదు. మీటరు పెట్టాల్సింది కంప్యూటర్ పని చేస్తున్నప్పుడు, కనెక్టర్ వెనకవైపు నుంచి. పసుపు వైరు 11.4 నుంచి 12.6 లోపు, ఎరుపు 4.75 నుంచి 5.25 లోపు, నారింజ 3.14 నుంచి 3.47 లోపు ఉండాలి. ప్రాసెసర్‌కు గట్టి పని చెప్పగానే పసుపు జారిపోతే దొంగ దొరికినట్టే. అంకెలు సరిగ్గా ఉన్నా నమ్మడానికి లేదు. మీటరు సగటును చూపిస్తుంది, దాని మీద ఎగిరిపడే అలలను చూపించదు. 12 వోల్టుల మీద ఆ అల 120 మిల్లీవోల్టులు దాటకూడదు. అది చూడాలంటే ఆసిలోస్కోప్ కావాలి. చిన్న షాపులో అది ఎక్కడిది? బాగున్నదని తెలిసిన ఎస్‌ఎంపీఎస్ ఒకటి ఎప్పుడూ పక్కన పెట్టుకోవాలి. అది తగిలించి ఆ కాటాలోనే, ఆ మోటరు పక్కనే నడిపి చూడాలి. షాపులో ఏసీ కింద నడిపి 'బాగుంది' అని పంపడం వైద్యం కాదు.

ఎస్‌ఎంపీఎస్ మూత మాత్రం విప్పొద్దు. 230 వోల్టుల కరెంటు లోపల సుమారు 325 వోల్టుల డీసీ అవుతుంది, ప్లగ్గు పీకాక కూడా కాసేపు నిలిచి ఉండగలదు.

రేకుల షెడ్డు ఎండ కూడా దీన్ని తినేస్తుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఇలాంటి కెపాసిటర్ ఆయుష్షు సగమవుతుందని లెక్క. ధూళి పట్టిన ఫ్యాను దానికి తోడు. కొత్తది కొనేటప్పుడు పైన రాసిన 450 వాట్లను చూసి మురిసిపోవద్దు. చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి తెచ్చినా, బెంగళూరు ఎస్పీ రోడ్డు నుంచి తెచ్చినా, 12 వోల్టుల వరసలో ఎన్ని యాంపియర్లని రాశారో చదవండి. 12తో గుణిస్తే అసలు సత్తా తెలుస్తుంది.

ఆ కాటాలో ఎస్‌ఎంపీఎస్ మార్చగానే మోటరు వేసినా కంప్యూటర్ ఆరిపోలేదు. పిల్లోడు ఊపిరి పీల్చుకున్నాడు. కానీ మార్చకముందు క్యాబినెట్ తాకితే వేలికి జివ్వుమన్న సంగతి నేను మరిచిపోలేదు. ఎర్త్ లేని చోట ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు ఇనపపెట్టెను గోడ వోల్టేజీలో దాదాపు సగానికి లేపుతాయి. కొత్తది పెట్టినా అది పోదు. ప్లగ్గు బోర్డు విప్పితే మూడో రంధ్రానికి వైరే లేదు. "సీజన్లో ఎర్త్‌కు గుంత తవ్వేదెవరన్నా?" అన్నాడు ఓనరు. చేతులు తడిగా ఉన్న రైతు కంప్యూటర్ బల్లను ఆనుకుని బిల్లు తీసుకుంటాడని చెప్పాను. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్త్ వేయించాకే బిల్లులు మొదలుపెట్టారు.