వాననీటికి త్రోవ

సికింద్రాబాదున మృగశిర కార్తె ప్రవేశించి తొలకరి జల్లులు కురియు దినములలో, వేసవియంతయు 40 డిగ్రీలు దాటిన యెండలో నిలిచిన పాత కార్ల యజమానులకు ఒక చిక్కు ఎదురగుట సర్వసామాన్యము. సన్‌రూఫ్ అద్దము గట్టిగా మూసియున్నను, లోపలి దీపము చెంతనో ముందరి స్తంభము వెంబడినో నీరు బొట్టుబొట్టుగా దిగి, కాళ్లక్రింది తివాచీని నానవేసి, రెండు దినములకే ముక్కిన వాసన పుట్టించును. అది చూచినంతనే సిలికాన్ గొట్టమొకటి కొనితెచ్చి అద్దము చుట్టును పూయుదురు. ఇంతకంటె హానికరమైన చికిత్స మఱొకటి లేదని నా నిశ్చితాభిప్రాయము.

ఏలయన, సన్‌రూఫ్ నీటిని సంపూర్ణముగా అడ్డగించుటకై నిర్మింపబడినది కాదు. అద్దము చుట్టునున్న రబ్బరు వాన యుద్ధృతిని తగ్గించును. దానిని దాటి జాఱిన నీరు క్రింది చట్రములోని కాలువలో పడి, నాలుగు మూలలనున్న సన్నని గొట్టములలో దిగి, ముందరివి తలుపు బందుల చెంతను, వెనుకవి వెనుక చక్రముల దరిదాపులను బయల్పడును. మన పెద్దలు మిద్దె వేయునపుడు వాలు తీర్చి తూము పెట్టిన నేర్పే యిచ్చటను కలదు. కావున నీరు లోనికి కాఱినదన్న, పెక్కు సందర్భములలో రబ్బరు చెడెనని గాక తూము పూడెనని గ్రహింపవలెను. మారేడుపల్లి, తిరుమలగిరి వీథులలో వేపచెట్ల నీడను నిలిపిన కార్లపై చైత్రమాసమున రాలిన పూత, ధూళితో గలసి, మొదటి వానకు ముద్దయై ఆ గొట్టముల నోళ్లను మూసివేయును.

పరీక్ష అతి సులభము. అద్దము తెఱచి ఒక్కొక్క మూలను గ్లాసెడు నీరు మెల్లగా పోసినచో, క్షణములలో కారు క్రింద ధార కానరావలెను. కానరానిచో, గడ్డికోత యంత్రములలో వాడు నైలాను తాడు కొనను నిప్పుసెగ జూపి గుండ్రము చేసి, మెలిత్రిప్పుచు లోనికి పంపవలెను. ఇనుపతీగ గొట్టమును చీల్చును. కంప్రెసర్ గాలి జోరు లోపలి అతుకును ఊడగొట్టును. ఆ యతుకు ఊడెనా, పైకప్పు గుడ్డ యంతయు విప్పక తప్పదు.

అద్దము వంకరపోయి నడుమ చిక్కుకొనుట వేఱొక వ్యాధి. మోటారు పండ్లచక్రము రెండు ఉక్కు కేబుళ్లను ఏకకాలమున నెట్టుచుండ, అవి ఇరువైపుల పట్టాలపై ప్లాస్టిక్ జోళ్లను నడిపించును. ఏండ్ల యెండకు పెళుసెక్కి ఒక జోడు విఱిగినచో, ఒక ప్రక్క ముందునకు సాగి రెండవది వెనుకబడును. అట్టి వేళ స్విచ్చిని పదేపదే నొక్కుట పండ్లచక్రమును అరగదీయుటయే. పెక్కు కార్లలో మోటారు చెంతనున్న రంధ్రమున అలెన్ కీ దూర్చి చేతితో త్రిప్పి మూయవచ్చును. పైకప్పు గుడ్డ విప్పుటకు పూర్వము బ్యాటరీ నెగెటివ్ తీగ తొలగింపవలెను. కొన్ని కార్లకు ఆ గుడ్డ యంచునే ఎయిర్‌బ్యాగులుండును. అటుపిమ్మట ఇరువురు కూడి అద్దమును దింపి, పట్టాలలో ధూళితో గట్టిపడిన పాత గ్రీజును తుడిచి, క్రొత్తది పలుచగా పూయవలెను. రబ్బరునకు మాత్రము సిలికాన్ గ్రీజే తగినది. పెట్రోలియము గ్రీజు దానిని ఉబ్బజేయును. రెండు జోళ్లను సమానమైన గుర్తునకు తెచ్చి, మోటారును మూసిన స్థితిలో నుంచి, అపుడు బిగించినచో రెండు ప్రక్కలును ఒకే నడక నడచును.

విఱిగిన యా చిన్న జోడు విడిగా దొరకదనియు, మొత్తము చట్రమునే మార్చవలెననియు పెద్ద వర్క్‌షాపులలో చెప్పుదురు. ఇచ్చటనే రాణిగంజి విలువ తెలియును. 1806లో మూడవ నిజాము సికందర్ జా పేర వెలసిన యీ దండుపట్టణమున, మహాత్మాగాంధీ రోడ్డు చివరనున్న ఆ బజారులో బేరింగులు, బోల్టులు, రబ్బరు గొట్టములు అమ్మువారు మొదట అడుగునది శాంపిలు. విఱిగిన ముక్కను చేతబట్టి, వేళ్లతో మందము చూచి, కొలిచి, సరిపోవుదానిని వెదకి యిచ్చుటయో, లేతు పనివానిచే నైలాను కడ్డీనుండి చేయించుకొమ్మని త్రోవ చూపుటయో వారి విద్య. 15 ఏండ్లు నిండిన సొంత కారునకు రిజిస్ట్రేషను పునరుద్ధరించుకొని మఱి 5 ఏండ్లు నడుపుకొనుటకు చట్టమే అనుమతించుచుండగా, వ్రేలెడు ప్లాస్టిక్ ముక్కకై పైకప్పు చట్రము నెల్ల పాఱవేయుట నాకు అపచారముగా తోచును.

తుదకు అద్దమును తిరిగి కూర్చుండబెట్టునపుడు తొందర తగదు. ముందరి యంచు పైకప్పుతో సమముగనో, ఒక మిల్లీమీటరు దిగువగనో, వెనుక యంచు సమముగనో, అంతే ఎగువగనో యుండవలెను. తాఱుమాఱైనచో వేగమున గాలి హోరెత్తును. నాలుగు వైపుల కాగితపు ముక్క నుంచి లాగిచూచి, పట్టు ఒకే తీరుగ నున్నదని తెలిసికొని స్క్రూలు బిగించి, చట్రము క్రింద పాత వార్తాపత్రికలు పఱచి, బకెట్టెడు నీరు పైనుండి పోయవలెను. కాగితములు పొడిగా నిలిచిన పిమ్మటనే పైకప్పు గుడ్డను ఎక్కించుట మేలు. ముందుగా ఎక్కించినచో చిన్న కాఱుడు దాని వెనుక నెలల తరబడి దాగియుండును.