'మన'లో ఎవరున్నారు? - 'మనకు తెలియని మన చరిత్ర': ఒక పరిశీలన

తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం (1946-51) గురించి వెలువడిన గ్రంథాలలో స్త్రీ శక్తి సంఘటన 1986లో ప్రచురించిన 'మనకు తెలియని మన చరిత్ర'ది విలక్షణమైన స్థానం. పోరాటంలో పాల్గొన్న స్త్రీల మౌఖిక కథనాల సంకలనమిది. దీనిని వీరవనితల గాథగానో, స్త్రీవాద చరిత్ర రచనకు నాందిగానో చదవడం పరిపాటి. ఆ రెండు పఠనాలూ సమంజసమే. అయితే యుద్ధకాలపు పల్లెల్లో దాగిన ఇంటి రహస్యాలను స్త్రీలే స్త్రీలను అడిగి తెలుసుకున్న గ్రంథంగా చదివినప్పుడు, శీర్షికలోని ఒక చిన్న మాట దగ్గర ఆగవలసి వస్తుంది.

ఆ మాట 'మన'. తెలుగులో 'మేము' వినేవారిని మినహాయిస్తుంది, 'మనము' కలుపుకుంటుంది. 1989లో వచ్చిన ఆంగ్ల రూపం 'వి వర్ మేకింగ్ హిస్టరీ' శీర్షికలో ఈ భేదం కనిపించే అవకాశమే లేదు. తెలుగు శీర్షిక మాత్రం చెప్పినవారినీ, అడిగినవారినీ ఒకే ఇంటి అక్కచెల్లెళ్లను చేస్తుంది. మరి తెలియనిది ఎవరికి? ఐలమ్మ చరిత్ర ఐలమ్మకు తెలియనిది కాదు. మొదటి 'మన'లో ఉన్నది వినవచ్చిన తరం. రెండవ 'మన'లో ఉన్నది పోరాడిన తరం.

కమలమ్మ కథనం ఇందుకు గట్టి నిదర్శనం. వెట్టి నేపథ్యం నుంచి వచ్చిన ఆమె దళంతో అడవిలో ఉండగా పసిబిడ్డను ఇతరులకు ఇచ్చివేయవలసి వచ్చింది. ఇది ఆనాడు రహస్యం కాదు. దళానికి తెలుసు, పార్టీకి తెలుసు. విరమణ తర్వాత దానిని చెప్పుకోవడానికి తగిన చోటు లేకపోవడం వల్లనే రహస్యమయింది. పుచ్చలపల్లి సుందరయ్య తన పోరాట చరిత్రలో స్త్రీలకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే కేటాయించారు కనుక, పార్టీ చరిత్ర స్త్రీలను పూర్తిగా విస్మరించిందనే మాట (తరచూ వినిపించేదే అయినా) నిలవదు. కాని అక్కడి స్త్రీ ప్రధానంగా త్యాగమూర్తి, లేదా హింసకు గురైన బాధితురాలు. బిడ్డను వదులుకున్న తల్లికి 'త్యాగం' అన్న మాట సరిపోయిందా లేదా అన్నది ఆ చరిత్ర వేసుకోవలసిన ప్రశ్నగా తోచలేదు. కాన్పు, బిడ్డ, తిండి, దళంలోని స్త్రీపురుష సంబంధాలు - వీటిని అడిగినవారు స్త్రీలు కావడం వల్లనే ఇంటి సంగతి చరిత్రకు ఆధారమయింది. పోరాట కథనానికి సహజమైన 'మేము' నుంచి 'నేను'కు రావడానికి కమలమ్మకు అటువంటి శ్రోతలు కావలసి వచ్చారు.

ఈ బంధుత్వాన్ని ప్రశ్నించకుండా అంగీకరించడం కూడా కష్టమే. వసంత కన్నబిరాన్, కె. లలిత, సూసీ తారు మొదలైన సంపాదకులు నగర విద్యావంతులు. చెప్పినవారిలో దొర ఇంటి వెట్టిని ఎరిగినవారున్నారు, మల్లు స్వరాజ్యం వంటి భూస్వామ్య కుటుంబాల ఆడపడుచులూ ఉన్నారు. స్వరాజ్యానికి పోరాటం ఇల్లు దాటి రావడం; ఐలమ్మకు తన పొలాన్నీ పంటనూ నిలుపుకోవడం. బిడ్డను ఎవరు దగ్గర ఉంచుకోగలిగారు, ఎవరు ఉంచుకోలేకపోయారు అన్న ప్రశ్నకు కులం, ఆస్తి, బంధుబలగం కూడా జవాబులో భాగమే. కథనాలను పక్కపక్కన పెట్టి చదివితే ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. శీర్షికలోని 'మన' మాత్రం దానిని కప్పివేస్తుంది.